కారం తగిలిన పూట

మందు పంపు నాజిల్ మూసుకుపోయింది. జ్ఞానయ్య దాన్ని విప్పి, లుంగీ కొసతో తుడిచి, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. నాలుక మీదికి వచ్చిన తుంపర ఉమ్మేసి మళ్ళీ బిగించాడు. పెళ్ళికి ముందు నుంచీ రొంపిచెర్ల మిరప చేలల్లో మందు కొట్టడమే అతని పని. పంపు పట్టీ ఒరుసుకున్న చోట భుజం నల్లగా తోలు కట్టింది. ఈమధ్య పెదవులు, నాలుక కొస తిమ్మిరెక్కి ఉంటున్నాయి. అన్నంలో కారం తెలియడం లేదు. అతనికి బెంగ అదొక్కటే.

"ఈ పూట మానెయ్యరాదా?" అని పొద్దున భార్య సువార్తమ్మ అడిగింది.

"నాలిక మొద్దుబారితే కాళ్ళు పడిపోయినట్టా? మంచి కారం కాయలు ఏయించి పెట్టు."

చేను సుధీర్ బాబుది. పొద్దున మందు సీసాలు రెండూ ఇస్తూ, పురుగుమందుల కొట్టు హబీబుల్లా చెప్పిన మాట అప్పజెప్పాడు.

"పురుగు నరాల్లో సన్న తలుపులుంటాయంట జ్ఞానయ్యా. గ్లుటమేటో ఏందో, అది తడితే తెరుచుకుంటాయంట. ఈ కొత్త మందు పడితే ఇంక మూసుకోవు. మేత మానేసి పడుంటది."

"మరి రెండో సీసా ఏందయ్యా?"

"అది పాత కంపు మందేలే, ఒంటికి పడితే కళ్ళూ నోరూ కారేది. రెండూ కలిపి కొట్టు."

పొద్దెక్కేసరికి, ముందు కొట్టిన సాళ్ళలో పురుగులు తినకుండా, కదలకుండా ఆకుల్ని పట్టుకుని ఉన్నాయి. జ్ఞానయ్య ఒకదాన్ని వేలితో తాకాడు. రాలలేదు.

గట్టు మీద కూర్చుని క్యారేజీ విప్పాడు. చూపు మసకగా ఉంది. వేయించిన మిరపకాయ కొరికాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధార కట్టాయి. నోటి నిండా ఊట, ఒళ్ళంతా చెమట.

"తగిలిందయ్యో! కారం తగిలింది!" అని నవ్వాడు.

"ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?" అన్నాడు సుధీర్ బాబు మోటారు దగ్గర్నుంచి.

జ్ఞానయ్య చెయ్యి ఊపాడు. ఇంకో ముద్ద కలిపాడు గాని తినలేదు. తువ్వాలు తల కింద పెట్టుకుని పక్కకు ఒరిగాడు. నిద్రపోయాడనుకున్నాడు సుధీర్ బాబు. ఎండ వాలాక లేపబోతే ఒళ్ళు చల్లగా తగిలింది.

సువార్తమ్మ వచ్చి తల దగ్గర కూర్చుంది. సుధీర్ బాబు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"కారం తగిలిందని చానా మురిసిపోయాడు సువార్తమ్మా."

ఆమె క్యారేజీ వైపు చూసింది.

"కారం ఏడదయ్యా? కడుపులో మంటకి కారం వద్దని ఆర్‌ఎంపీ డాక్టరు అన్నాడని బజ్జీకాయలు ఏయించా. అయ్యి చప్పిడియ్యి."

క్యారేజీ మూతలో కలిపిన ముద్ద ఎండిపోయింది. దాని పక్కన, సగం కొరికిన మిరపకాయ.