రాళ్ల వరుస

విదేశం నుంచి దొరసానమ్మ వస్తోందని నీళ్ల ప్లాంటు నాగన్న తెల్లవారేసరికే ముంగిలి ఊడ్చేసి, నీళ్లు చల్లి, తనకు చేతనైనంత వంకరగా ఒక ముగ్గు కూడా వేసేశాడు. ఆవిడతో పాటు కారు దిగిన యేసుప్రసాద్‌కు ముంగిట్లో ఆ ముగ్గు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"రాళ్లేవి నాగన్నా?"

"అన్నీ ఊడ్చి షెడ్డు ఎనకాల పోసినా సార్. పరువు మనది గదా!" అన్నాడు నాగన్న, కొత్త తువ్వాలు సర్దుకుంటూ.

ఆ రాళ్ల కోసమే ఆవిడ అంత దూరం నుంచి వచ్చింది. నందికొట్కూరులో ఈ ప్లాంటు ముందు, కరెంటు వచ్చేదాకా మనుషులు నిలబడరు. రాయో, తెగిన చెప్పో, మూతలేని డబ్బానో వరుసలో పెట్టి ఎవరి పనికి వాళ్లు పోతారు. డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పే యేసుప్రసాద్ కూడా, భార్య పోయిన కొత్తల్లో, ఒక రాయి పెట్టి క్లాసుకు పోయేవాడు. తిరిగి వచ్చేసరికి అతని వంతును ఎవరో ఒకరు కాపాడి ఉంచేవారు. ఎవరో తెలిసేది కాదు. ఎదుట లేని మనిషి చోటును ఊరెందుకు కాపాడుతుంది? ఆ ప్రశ్న పట్టుకునే పెరూలో ఒకామెతో, పోలండులో ఒకాయనతో కలిసి, మూడు దేశాల్లో చేసే పరిశోధనకు ఒక విదేశీ సంస్థను నిధులు అడిగాడు. రెండుసార్లు కాదన్నారు. ఈసారి చూసి రమ్మని ఇంగ్రిడ్ అనే ఈ పెద్దావిడను పంపారు. వచ్చే ఏడు అతను రిటైరవుతాడు. మళ్లీ అడిగే వీల్లేదు.

ఇప్పుడు ఆవిడ ముగ్గుకు ఫోటో తీస్తోంది.

"వరుస ఏది?" అని అడిగింది ఇంగ్లీషులో.

అతను నోరు తెరిచేలోపే కరెంటు వచ్చింది. ఆ వెనకే ఆడవాళ్లూ వచ్చారు.

"నా రాయి యాడప్పా?" భీమక్క క్యాన్ కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేనే తీసినా అక్కా, శుభ్రంగా ఉండాలని..."

"నీ శుభ్రం తగలెయ్య!"

అందరూ షెడ్డు వెనక్కి పరుగెత్తారు. కుప్పలోంచి రాళ్లు, చెప్పులు చేతులు మారాయి. అరుపులు ప్లాంటు మోటారును మించిపోయాయి. అయిపోయింది అనుకున్నాడు యేసుప్రసాద్. కాసేపటికి చెవి ఒగ్గి విన్నాడు.

"నల్లరాయి రెజీనాది. దాని ముందర శివకుమారి తెగిన చెప్పు."

"కాదు, నేనే ముందర!" అంది రెజీనా.

"నువ్వు చెప్తే చెల్లదు. భీమక్కా, నువ్వు చెప్పు."

తన చోటు తాను చెప్పుకుంటే ఎవరూ ఒప్పుకోవడం లేదు. పక్కవాళ్లు చెబితే చాలు, మారు మాట లేదు. చూస్తుండగానే ముగ్గు మీదుగా వరుస మళ్లీ లేచింది. చివరికి ఒక ఇటుక ముక్క మిగిలింది.

"అది కృపమణిది. జ్వరంగా ఉండాది ఆయమ్మకు."

"అయితే నా ఎనక పెట్టు. నేను నింపి ఇంట్లో ఇచ్చిపోతా," అంది భీమక్క.

యేసుప్రసాద్ అదంతా ఇంగ్లీషులో చెప్పాడు. ఇంగ్రిడ్ తన టోపీ తీసి వరుస చివర పెట్టింది.

"టోపీ చెల్లదమ్మా, గాలికి పోతాది," అంది రెజీనా.

"దాని మీద రాయి పెడితే సరి."

"రాయి పెడితే అది రాయి పెట్టినోళ్ల వంతు గదా!"

"సార్, మీరే చెప్పండి!" అని అందరూ అతని మీద పడ్డారు.

ఇన్నేళ్లు పాఠం చెప్పిన మనిషికి నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ ఎవరిదో ఖాళీ క్యాన్ మీద కూర్చుండిపోయాడు. ఎందుకో తెలియకపోయినా ఇంగ్రిడ్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"నిధుల సంగతి బోర్డు చెప్పాలి. నేనేమీ చెప్పకూడదు," అంది కాస్త తేరుకున్నాక.

"తెలుసండీ."

వరుస కదిలినప్పుడల్లా భీమక్క టోపీని కాలితో ముందుకు జరుపుతోంది. అటే చూస్తూ ఆవిడ అడిగింది: "పెరూ ఆమెనూ పోలండు ఆయన్నూ వెంటబెట్టుకుని మళ్లీ రావాలంటే, ఇక్కడ ఎండ లేని నెల ఏది?"

ఆ మాట అర్థం కావడానికి అతనికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక క్యాన్ మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏమంటాండాది సార్?" అంది భీమక్క.

తెలుగులో చెప్పాడు.

"ఎండ లేని నెలా? ఈడనా?"

వరుస మొత్తం గొల్లున నవ్వింది. ఆ నవ్వు ఆవిడకు అర్థమయ్యేలోపు యేసుప్రసాద్ గబగబా, "డిసెంబరు!" అనేశాడు.