చివరి పాప దిగేదాకా

సీటు బెల్టులన్నిటినీ ఒక్కొక్కటిగా పట్టి గుంజి చూస్తోందామె. మూడో వరుసలో కిటికీ పక్క బెల్టు బిగువు తగ్గినట్టనిపించి రెండోసారి గుంజింది. నిలిచింది. తలుపు గొళ్ళెం రెండుసార్లు తీసి వేసింది. తర్వాత మోకాళ్ళ మీద వంగి సీట్ల కింద చెయ్యి పోనిచ్చింది. ఒక పెన్సిలు ముక్క, ఒక రబ్బరు బ్యాండు, సగం కొరికిన బిస్కెట్టు. ఏ పెన్సిలు ఏ పిల్లదో ఆమెకు తెలుసు, కొరికిన గాట్లను బట్టి.

ఆమెది వ్యాన్‌లో ఆయా ఉద్యోగం. తల్లిదండ్రులు పనుల నుంచి వచ్చేదాకా పిల్లల్ని చేరదీసి, చదివించి, ఆడించి, సాయంత్రం ఇళ్ళ దగ్గర దించే సేవాసంస్థ అది. పందొమ్మిదేళ్ళుగా అదే వ్యాన్ తలుపు పక్క సీటు ఆమెది. బడి దగ్గర ఎక్కించుకునేటప్పుడు లెక్క, సంస్థ గేటు దగ్గర లెక్క, ఇంటికి బయలుదేరేటప్పుడు లెక్క, ప్రతి మలుపులోనూ లెక్క. పిల్లలు ఆమెకు ‘లెక్కలత్త’ అని పేరు పెట్టారు. బళ్ళో రెండుసార్లు లెక్కల్లోనే తప్పి చదువు మానేసిన మనిషికి ఆ పేరు రావడం ఆమెకే నవ్వు తెప్పించేది.

ఆమె నడుముకు ఒక పెద్ద ఇనుప రింగు వేలాడుతూ ఉంటుంది. దానికి ఇరవై రెండు అట్టకార్డులు. ప్రతి కార్డు మీదా పైన పిల్ల ఫొటో, కింద ఆ పిల్లను అప్పగించదగిన ఇద్దరు పెద్దల ఫొటోలు. ఆ ఇద్దరిలో ఒకరు కనబడితేనే పిల్ల బండి దిగుతుంది. లేకపోతే ఆమెతోపాటు తిరిగి వస్తుంది. మేనమామ వచ్చినా, పక్కింటి పెద్దాయన వచ్చినా, ‘నేను వాడి సొంత బాబాయినమ్మా’ అని ఒట్టు పెట్టుకున్నా అంతే. తిట్లు తినేది, శాపనార్థాలు కూడా. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది.

ఆ కార్డులు సంస్థ తయారుచేసినవి కావు, ఆమె సొంతంగా చేసుకున్నవి. ఆమె కూతురికి ఆరేళ్ళప్పుడు బడివాళ్ళు పాపను ఎవరికో అప్పగించేశారు. ఆ ‘ఎవరో’ వీధి చివర కొట్టు నడిపే ముసలాయనే. పాపం, సాయం చేద్దామనుకుని తీసుకెళ్ళి మరో పేటలో ఉన్న తన ఇంట్లో కూర్చోబెట్టుకున్నాడు. గంటసేపు ఆమె చెప్పులు కూడా లేకుండా వీధివీధీ తిరిగింది. పాప దొరికాక పంతులమ్మ, “ఏమీ జరగలేదుగా, ఎందుకమ్మా అంత రాద్ధాంతం?” అంది. ఆ పాప ఇప్పుడు వేరే ఊళ్ళో నర్సు. ఆ గంట మాత్రం ఆమె ఒంట్లోంచి ఇంతవరకూ పోలేదు.

పదకొండు గంటలకు ఆమెను పైగదికి పిలిచారు. పైన శిక్షణ జరుగుతోంది. విషయం: పిల్లల రక్షణ. ఎక్కడినుంచో ఒక నిపుణురాలిని పిలిపించారు. గోడ మీద బొమ్మలు పడుతున్నాయి. టీచర్లు, సూపర్‌వైజర్లు, ముందు వరుసలో సంస్థ నడిపే మేడమ్, ఆమె పక్కన ముఖ్య అతిథి. కొత్త భవనం కట్టించి ఇస్తానన్న దాత ఆయన. అందరి మెడల్లో కార్డులు, ముందు నోటు పుస్తకాలు. లెక్కలత్తను పిలిచింది శిక్షణకు కాదు, టీలు అందించడానికి.

ఆమె ట్రే పట్టుకుని రెండో వరుసకు వచ్చేసరికి నిపుణురాలు ఒక ప్రశ్న వేసింది. “రోజులో పిల్లను చివరగా చూసేది మీలో ఎవరు?”

టీచరు తానే అంది. సూపర్‌వైజరు గేటు దగ్గర తానే ఉంటానన్నాడు. మేడమ్ నవ్వి, అంతిమ బాధ్యత తనదేగా అంది.

“నేనండీ,” అంది లెక్కలత్త. ఆమె ఎదురు చెప్పాలని చెప్పలేదు. ప్రశ్నకు జవాబు తెలుసు కనక చెప్పింది.

ఒకరిద్దరు నవ్వారు. నిపుణురాలు మాత్రం నవ్వలేదు. “మరి మీరెందుకు కూర్చోలేదు?” అని అడిగింది.

“వాళ్ళు కింది సిబ్బందండీ. వాళ్ళకి విడిగా పెడదామనుకుంటున్నాం,” అంది మేడమ్.

ఆ ‘విడిగా’ అన్న రోజు పందొమ్మిదేళ్ళలో ఒక్కసారీ రాలేదు. పిల్లను చెయ్యి పట్టి దించేవాళ్ళకు శిక్షణ అక్కర్లేదట. ఆ పిల్ల ఏ వీధిలో ఉంటుందో కూడా తెలియనివాళ్ళకు కావాలట. లెక్కలత్త మిగతా టీలు ఇచ్చి దిగి వచ్చింది. కింద వరండాలో గోడకు అద్దం బిగించి సంస్థ నియమాలు తగిలించారు. పద్నాలుగు నియమాలు, అడుగున మేడమ్ సంతకం. తొమ్మిదోది ఆమెకు కంఠతా వచ్చు. ఏ వాహనంలోనూ ఒక పిల్ల ఒక్క పెద్ద మనిషితో ఒంటరిగా ఉండకూడదు.

ఆ నియమం గురించే మొదట్లో డ్రైవర్ ఆమె మీద అలిగాడు. చివరి పాప దిగేదాకా ఆమె బండిలోనే ఉండి, మళ్ళీ సంస్థకు వచ్చి, అక్కణ్ణించి నడిచి ఇంటికి పోయేది. మధ్యలో ఆమె ఇంటి మలుపు వస్తుంది. అక్కడ దిగితే ముప్పావు గంట కలిసొస్తుంది.

“నా మీద అనుమానమా అక్కా? నాకూ పిల్లలున్నారు,” అన్నాడతను.

“అనుమానం ఉంటే నీ బండే ఎక్కేదాన్ని కాదురా. రేపు ఎవరన్నా నీ మీద ఒక మాటంటే, లేదని చెప్పడానికి మనిషుండాలా వద్దా?”

అతను ఒక వారం మొహం ముడుచుకునే బండి నడిపాడు. తర్వాత మనసులోకి ఎక్కినట్టుంది, ఆమెకు జ్వరమొచ్చిన రోజున బండి కదపనని మొండికేసి సూపర్‌వైజర్‌ను ఎక్కించుకుపోయాడు.

సాయంత్రం ఆరుకు పిల్లలు వరుసగా వచ్చారు. సంచులు, నీళ్ళ సీసాలు, ఒకరి జడ ఒకరు లాగడం. ఆమె తలల మీద చెయ్యి వేస్తూ లెక్కపెట్టింది. ఇరవై, ఇరవై ఒకటి. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఇరవై ఒకటే.

లేనిది చివరి పాప. పదేళ్ళది. ఊరి ఆ చివర, అమ్మమ్మ దగ్గర ఉంటుంది. మాట తక్కువ, బొమ్మలు ఎక్కువ. అందరికన్నా దూరం కనక అందరికన్నా ఆఖర్న దిగేది ఆ పాపే.

ఆమె దిగి చూస్తే, వ్యాన్ వెనక నిలబెట్టిన నల్లకారు పక్కన పాప ఉంది. చేతిలో రంగుల పెట్టె, కొత్తది. దాత ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగుతున్నాడు. పాప నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. పక్కన మేడమ్.

“ఈ పాప బొమ్మలు సార్‌కి చాలా నచ్చాయి. సార్ ఇల్లు కూడా అటువైపే. దించేస్తానంటున్నారు. నువ్వు మిగతావాళ్ళని దించేసి ఇంటికెళ్ళిపో, నీకూ తొందరగా అయిపోతుంది,” అంది మేడమ్.

లెక్కలత్త పాప వంక చూసింది. పాప సంచి పట్టీని రెండు చేతులతో పట్టుకుని నేలకేసి చూస్తోంది. వెళ్తాననడం లేదు, వెళ్ళననడం లేదు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు పదేళ్ళ పిల్లకు ఓటు ఎక్కడిది?

“పాప నా లెక్కలో ఉందమ్మా,” అంది.

“నేను చెప్తున్నాగా.”

లెక్కలత్త నడుము దగ్గర రింగు తీసింది. కార్డులు తిప్పి, పాప కార్డు దగ్గర ఆపి, దాత ముందు పట్టుకుంది. “బాబుగారూ, ఈ రెండు మొహాల్లో మీదేదో చూపించండి. పంపించేస్తాను.”

ఒక మొహం అమ్మమ్మది. రెండోది పిన్నిది. దాత నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి నవ్వు ఆపాడు.

“వీరెవరో తెలుసా నీకు?” మేడమ్ గొంతు తగ్గించింది. కోపమొచ్చినప్పుడు ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది.

“తెలుసమ్మా. కార్డులో లేరు.”

“ఏం జరుగుతుందని నీ భయం? అసలు నీ ఉద్దేశమేంటి?”

“ఏమీ జరక్కూడదనే కదమ్మా నన్ను పెట్టుకుంది. వరండా గోడ మీద తొమ్మిదోది మీరే రాశారు.”

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ దాత చెడ్డవాడని ఎవరూ అనలేదు. నిజంగా పాప బొమ్మలు చూసి ముచ్చటపడిన మంచి మనిషే కావచ్చు. కానీ మంచివాళ్ళకు ఒక నియమం, చెడ్డవాళ్ళకు ఒక నియమం అని విడదీయాలంటే చెడ్డవాడు నుదుటి మీద రాసుకుని రావాలి. అలా రాసుకుని వచ్చినవాణ్ణి ఎవరు రానిస్తారు? అందుకే నియమం ఎవరి మొహమూ చూడదు. నిజమైన మంచివాడైతే, ‘భేష్, ఈ పిల్లలు భద్రంగా ఉన్నారు’ అని సంతోషించి కారెక్కాలి. ఈయన మొహం కందగడ్డ చేసుకుని కారెక్కాడు. తలుపు వేసిన చప్పుడుకు పిల్లలు ఉలిక్కిపడ్డారు. ఒక దాతకు నొప్పి కలిగిందని గిలగిల్లాడిపోయిన ఆ మేడమ్, పొద్దున పిల్లల రక్షణ మీద మూడు గంటలు తల ఊపిన మేడమే. అద్దం వెనక ఉన్నంతసేపే ఆ నియమం బాగుంటుంది. బయటికొచ్చి ఎవరి చెయ్యన్నా పట్టుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

కారు వెళ్ళాక మేడమ్ ఇటు తిరిగింది. “పొద్దున అందరి ముందూ మాట్లాడావు. ఇప్పుడు ఆయన్ని నిలబెట్టి అవమానించావు. రేపట్నుంచి రానక్కర్లేదు.”

లెక్కలత్తకు అరవాలనిపించింది. వ్యాన్ కిటికీల్లో ఇరవై ఒక్క మొహాలు చూస్తున్నాయి.

“రేపటి సంగతి రేపమ్మా. ఇవాళ్టి ట్రిప్పు నాది,” అంది. పాప చెయ్యి పట్టుకుని బండెక్కించి, తల మీద చెయ్యి వేసింది. “ఇరవై రెండు.”

బండి గేటు దాటేలోగా ఆఫీసు గుమాస్తా పరిగెత్తుకుంటూ వచ్చాడు. మెడలో కార్డు, నడుము దగ్గర రింగు తీసుకురమ్మన్నారని చెప్పడానికి నోరు రాక నిలబడ్డాడు. ఆమె మెడలోది ఇచ్చేసింది. రింగు మాత్రం, “అందర్నీ దించాక డ్రైవర్‌కిస్తా,” అంది. గుమాస్తా తల గోక్కుని, చంకలోంచి ఒక దళసరి కాగితం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. పొద్దున శిక్షణలో అందరికీ పంచిన ధ్రువపత్రం.

“ఒకటి మిగిలింది అత్తా. ఇంకెక్కడన్నా పనడిగితే చూపించుకోవచ్చు.”

అతను మంచికే ఇచ్చాడు. అదే మరీ మండింది ఆమెకు.

దారంతా పిల్లలు ఎప్పటిలాగే అరిచారు. ఎప్పటిలాగే ఆమె మలుపు మలుపుకూ లెక్క తగ్గించుకుంటూ, కార్డు చూసి, మొహం చూసి, చెయ్యి చేతిలో పెట్టి దించింది. తన ఇంటి మలుపు వచ్చింది, వెళ్ళింది. ఆఖరికి బండిలో ముగ్గురే మిగిలారు.

“రేపు ఎవరు లెక్కపెడతారు?” అని అడిగింది పాప. పక్కనే నిలబడి అంతా వింది.

ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాలేదు. డ్రైవరే అద్దంలోకి చూస్తూ అన్నాడు, “రెండో మనిషి ఎక్కేదాకా నేను తాళం తిప్పనులే అక్కా.” అన్నాడు గానీ, అతనికీ ఇల్లుంది, పిల్లలున్నారు. ఎన్నాళ్ళు తిప్పకుండా ఉంటాడో అతనికే తెలియదు.

సందు మొదట్లో అమ్మమ్మ నిలబడి ఉంది. గోదాములో మూటలు సర్దే పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు నిండా గోనె నూగు. లెక్కలత్త పాపతోపాటు తనూ దిగింది.

“రేపట్నుంచి నేను రానక్కా. ఈ బండి తప్ప పాప ఇంకే బండీ ఎక్కకూడదు. మేడమ్ చెప్పినా, దేవుడొచ్చి చెప్పినా సరే. బండిలో రెండో మనిషి లేకపోతే నువ్వే వచ్చి తెచ్చుకో.”

“నేనెట్టా వచ్చేదమ్మా? ఏడైతేగాని వదలరే మమ్మల్ని.”

“తెలుసు. అయినా చెప్తున్నా.” చేతకానివాళ్ళకే అన్ని బరువులూ. నియమం రాసినవాళ్ళకు కారుంది, పాటించేవాళ్ళకు నడక. ఆమె వంగి పాప మొహంలోకి చూసింది. “నీకు ఇష్టం లేకపోతే గట్టిగా అరిచెయ్యి. ఎంత పెద్దవాళ్ళున్నా సరే. మర్యాద తర్వాత నేర్చుకోవచ్చు. అరుస్తావా?”

పాప తల ఊపింది. అరిచి చూపించమంటే సిగ్గుపడింది. మళ్ళీ అడిగితే సందు అదిరేలా అరిచింది. అమ్మమ్మ హడలిపోయింది. లెక్కలత్త ఆ రోజంతా మొదటిసారి నవ్వింది.

అమ్మమ్మ మొహం కార్డులో మొహంతో సరిచూసి, పాప చెయ్యి ఆ చేతిలో పెట్టింది. రింగు విప్పి డ్రైవర్‌కిచ్చింది.

“ఎక్కక్కా, ఇంటి దగ్గర దింపుతా. ఇవాళన్నా,” అన్నాడతను.

“వద్దురా. పనైపోయిందిగా.” ఆమె రోడ్డు పక్కగా నడిచిపోయింది. వీధిదీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. అలవాటున ఎదురొచ్చే పిల్లల తలలు లెక్కపెడుతూనే పోయి ఉంటుంది.

డ్రైవర్ చాలాసేపు బండి తియ్యలేదు. తలుపు వెయ్యడానికి వెనక్కి వచ్చి ఆమె సీటు వంక చూశాడు. గుమాస్తా ఇచ్చిన పత్రం అక్కడే ఉంది. బంగారు రంగు అంచు, మధ్యలో పెద్ద అక్షరాలతో ‘పిల్లల రక్షణలో శిక్షణ పొందినవారు’, అడుగున మేడమ్ సంతకం, పేరు రాయాల్సిన చోట ఖాళీ గీత.