సున్నాకి మూడు కింద

వరద నీళ్లు పెద్ద స్టేడియంలో కుర్చీల దాకా వచ్చిన సంవత్సరం అది. అక్కడ జరగాల్సిన అంతర్జాతీయ జంట స్కేటింగ్ పోటీని మా హాలుకు మార్చారు. మా హాలు మెరక మీద ఉంది. అందులో ఐసు వేసేది నేను.

మా అమ్మాయీ, నా చెల్లెలి కొడుకూ ఒక జంట. పన్నెండేళ్లుగా ఈ హాల్లోనే నేర్చుకున్నారు. మొదటి రోజు పాతిక జంటల్లో పదహారింటిని ఉంచి, మిగతావాళ్లను ఇంటికి పంపుతారు. ఆ పదహారులో ఉంటే మావాళ్లకు ఇంకో ఏడాది శిక్షణ. లేకపోతే ఆట అక్కడితో సరి.

"సొంతింట్లో పోటీ, ఇంకేం భయం!" అని అందరూ అన్నారు.

మా హాలు ఎప్పుడూ హాకీవాళ్లది. వాళ్లకు రాయిలాంటి ఐసు కావాలి. అందుకని సున్నాకి ఆరు డిగ్రీలు కింద ఉంచుతాను. గాల్లో తిరిగేవాళ్లకు మెత్తటిది కావాలి, బూటు కింది బ్లేడు కొసనున్న పళ్లు దిగాలి. మావాళ్లు మాత్రం హాకీ ఐసునే గట్టిగా పొడిచి ఎగరడం అలవాటు చేసుకున్నారు.

తనిఖీ అధికారి వారం ముందే వచ్చాడు. "మూడుకీ నాలుగుకీ మధ్య ఎక్కడైనా ఉంచు పెద్దాయనా, నీ ఇష్టం," అన్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా ఇష్టం అన్నవాడు అతనొక్కడే.

మూడు మీద పెట్టాను. ఐసు చదును చేసే బండితో వేడి నీళ్లు పల్చగా, పొర మీద పొర పోశాను. దీపాలు అందులో తలకిందులుగా కనిపించాయి. అలాంటి ఐసు నేను అంతకుముందెప్పుడూ వేయలేదు.

మొదటి సాధన అయ్యాక అమ్మాయి మెషిన్ రూముకు వచ్చింది.

"నాన్నా, నాలుగు మీద పెట్టు. నా కాలు దిగబడిపోతోంది."

"ఐసు తప్పు కాదు మామయ్యా," అన్నాడు మేనల్లుడు వెనక నుంచి. "దీన్ని ఎత్తి విసిరేవాణ్ణి నేను, నన్నడుగు ఎందుకు దిగబడుతోందో."

"నోర్ముయ్ బావా. విసరడం చేతకాక నా బరువు మీదకి తోస్తున్నాడు. నాన్నా, వింటున్నావా?"

"ఊ," అన్నాను.

విన్నాను. నాలుగుకి తిప్పితే ఐసు కాస్త పెళుసవుతుంది. రేపు చూద్దాంలే అనుకున్నాను. అలా నాలుగు రేపులు గడిచాయి.

పోటీనాడు ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, పుట్టినప్పటి నుంచీ మా హాల్లోనే తిరిగినట్టు తిరిగారు. మావాళ్లు వచ్చేసరికి జనం లేచి నిలబడి అరిచారు. వాడు దాన్ని తలపైకి బాగా ఎత్తాడు. కలిసి గిరగిరా తిరగడమూ బాగా కుదిరింది. తరువాత విసరడం. అమ్మాయి ఎప్పటిలాగే బూటు కొసతో బలంగా పొడిచింది. పళ్లు లోతుకి దిగాయి, కాలు ఆలస్యంగా లేచింది. మూడు చుట్లు తిరగాల్సింది రెండున్నరకే కింద పడి, జారుకుంటూ నా బండి గేటు దాకా వచ్చింది. వాడు చెయ్యిచ్చి లేపాడు. బరువు మాట ఎత్తలేదు.

పదిహేడో స్థానం.

అధికారి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత మంచి ఐసు నేనెక్కడా చూడలేదు. ఒక్క జంట తప్ప ఎవరూ పడలేదు," అన్నాడు. ఆ జంట ఎవరో అతనికి తెలియదు. అదే మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

బట్టలు మార్చుకునే గదిలో చెల్లెలు నన్ను చూడగానే మొదలుపెట్టింది. "ఊరందరికీ విందు పెట్టి, మన పిల్లల్ని పస్తులుంచావు కదా అన్నయ్యా!"

"ఊరుకో అత్తా," అంది అమ్మాయి, తలెత్తకుండా బూటు తాళ్లు విప్పుకుంటూ. "ఐసు నిజంగానే బాగుంది." రెండో బూటు అందుకుని, "నాలుగు మీద పెట్టావా నాన్నా?" అని అడిగింది.

"లేదు."

"అదే అనుకున్నా."

మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్లి నాలుగు మీద పెట్టాను. తొమ్మిదింటికి అధికారి వచ్చి, ఐసులో చల్లదనం కొలిచే సూది దించి చూసి, "నిన్నటిదే కావాలి పెద్దాయనా," అన్నాడు. మళ్లీ మూడుకి తిప్పాను. బండిలో వేడి నీళ్లు పట్టి, పదహారు జంటల కోసం ఐసు వేశాను.