భీమశంకరరావు చావు సీను

భీమశంకరరావుకు చావాలని మహా సరదాగా ఉండేది. నిజంగా కాదు లెండి, సినిమాలో. అరసవల్లిలో కిరాణా కొట్టు నడుపుకునే ఆయనకు, పెళ్లి వీడియోలు తీసే ఎజ్రా తన పగ సినిమాలో విలన్ వేషం ఇచ్చాడు. విలన్ భావనపాడు జాలరిని పడవతో సహా ముంచేస్తాడు. జాలరి కొడుకు పెద్దవాడై వచ్చి వాణ్ణి పొడిచేస్తాడు. అంతే కథ. ఆ పోటు కోసం భీమశంకరరావు రోజూ బియ్యం బస్తాల మీద పడి చావడం ప్రాక్టీసు చేశాడు.

తీరా సముద్రం ఒడ్డున ఆ సీను తీసే రోజొచ్చేసరికి ఆయన భార్య పార్వతీదేవి కెమెరాకు అడ్డంగా ఇసకలో కూర్చుంది. తను పుణ్యస్త్రీగా ఉండగా మొగుడు అబద్ధానికైనా చావడానికి వీల్లేదంది.

"నా బొట్టు సెరిపీసి సినిమా తీస్తావేటి?" అంది ఎజ్రాతో.

ఎజ్రా తల పట్టుకున్నాడు. సముద్రానికి అద్దె లేదు, కత్తి అట్టముక్కది, హీరో చర్చిలో డ్రమ్ము వాయించే రాబర్ట్. అన్నీ అమరాయి, చావొక్కటే కరువైంది. చివరికి ఆదివారం చర్చిలో క్షమ గురించి విన్న ప్రసంగమే ఆదుకుంది. రాబర్ట్ కత్తి ఎత్తి, దించేసి, "నిన్ను సెమించీసినాను, పో" అన్నాడు. భీమశంకరరావుకు ఒళ్లు మండిపోయింది.

చర్చి ఆవరణలో తెల్లదుప్పటి కట్టి ఆడించారు. ఇలాంటి పగ సినిమా పుట్టలేదన్నారు జనం. ఖర్చు తక్కువ, నీతి ఎక్కువ, పిల్లాజెల్లాతో చూడొచ్చు. ఫోన్లలో శ్రీకూర్మం దాకా పాకింది.

మర్నాటి నుంచి కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లూ ఆయన్ని క్షమించడం మొదలెట్టారు. చేపలమ్మే అప్పలమ్మ చింతపండు కట్టించుకుంటూ, పడవ ముంచినందుకు ఏమీ అనుకోవడం లేదని భుజం తట్టింది. తను ముంచలేదని ఆయన మొత్తుకుంటే, పాపం ఇంకా ఒప్పుకోలేకపోతున్నాడని మళ్లీ క్షమించింది. సినిమాలో చావనందుకు ఆయన కొట్లో రోజూ చస్తున్నాడు. పార్వతీదేవి మాత్రం కులాసాగా నవ్వుకునేది.

ఆ నవ్వు గుడి క్యూ దాకానే. అక్కడ ముందు నిలబడ్డ ముసలమ్మ వెనక్కి తిరిగి ఆమె గడ్డం పట్టుకుంది.

"ఆ పాపిష్టోడితో ఎలాగ ఏగుతన్నావమ్మా? పోన్లే, నిన్ను కూడా సెమించీసినాం."

పార్వతీదేవికి తల కొట్టేసినట్టయింది. దర్శనం చేసుకుని ఇంటికి పోకుండా తిన్నగా ఎజ్రా స్టూడియోకి నడిచింది. గుళ్లో ఇచ్చిన కుంకం పొట్లం బల్ల మీద పెట్టింది.

"కుర్రోడు మనసు మార్సుకున్నాడని రెండో భాగం తియ్యి నాయనా. రగతానికి ఇది కలుపుకో. సాలకపోతే ఇంకా తెస్తాను."