అంతే సార్

“మీ ఆఫీసులో పిల్లలకి చూపించడానికి ఏముంది, సీసాల్లో ఉప్పునీళ్ళు తప్ప!” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాపుతూ. పాప చదివే బడివాళ్ళు ఆ రోజు పిల్లల్ని ఆమె పనిచేసే సముద్ర పరిశోధన కేంద్రానికి తీసుకొస్తున్నారు. “నువ్వేదో పెద్ద సైంటిస్టువన్నట్టు ముందుకెళ్ళి నిలబడకు. నవ్వుతారు,” అని కూడా అన్నాడు. కోపంగా కాదు, బొత్తాలు పెట్టుకుంటూ, గొడుగు మర్చిపోకు అన్నంత మామూలుగా. ఆమె తలూపి స్విచ్చి ఆపింది.

పడవలవాళ్ళు తెచ్చిన నీళ్ళలో కంటికి ఆనని జీవుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కపెట్టడం పన్నెండేళ్ళుగా ఆమె పని. అత్తగారు “మా కోడలు నీళ్ళ ఆఫీసులో చేస్తుంది” అని చెప్పుకోవడంతో, ఎదురింటావిడ ఓసారి కుళాయి ఎప్పుడొస్తుందో కనుక్కోమంది. ఆమె కాదనలేదు. ఎవరికో ఫోన్ చేసి, కనుక్కుని మరీ చెప్పింది. ఇంట్లో తన పని గురించి నోరు విప్పితే “పాలు పొంగుతున్నాయి చూడు” అనేవాడు భర్త. తీరా చూస్తే పొయ్యి మీద పాలే ఉండేవి కావు. అందుకని పాపకి జడ వేసేటప్పుడు మాత్రమే చెప్పుకునేది. మనం పీల్చే ప్రాణవాయువులో ఇంచుమించు సగం ఇలాంటి నలుసుల చలవేననీ, చచ్చిన చేపని కుళ్ళబెట్టి మళ్ళీ సముద్రానికి ఎరువు చేసేవి కూడా ఇలాంటివేననీ. పాప “ఇంకా?” అనేది. ఆ “ఇంకా” కోసం ఆమె జడని విప్పి మళ్ళీ అల్లిన రోజులున్నాయి.

నలభైమంది పిల్లలు వరసగా లోపలికొచ్చారు. ఇంచార్జిగారే అన్నీ చూపించారు. ఆయన పాలనా విభాగం నుంచి వచ్చినాయన, మాటకారి. ఆమె మూలన నిలబడి, స్లైడు పెట్టి అద్దం సర్దిపెట్టింది. పిల్లలు ఒక్కొక్కరే కన్ను ఆనించి చూశారు. గాజుపెంకుల్లా మెరిసే నాచు కణాలు.

“ఇవన్నీ క్రిములు, పిల్లలూ! ఎన్ని ఉన్నాయో మేం లెక్కపెడతాం. ఇవి లేకపోతే సముద్రం అద్దంలా ఉంటుంది,” అన్నారాయన.

కళ్ళద్దాల పిల్ల ఒకతె చెయ్యెత్తింది. “అన్నిట్నీ చంపేస్తే మంచిదా సార్?”

“మంచిదేగా మరి!” ఆయన నవ్వి, వెనక్కి తిరిగారు. “ఏమ్మా, అంతేగా?”

సరిగ్గా అప్పుడే సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది పాప. తల్లి వైపే చూస్తోంది. ఇప్పుడు చెబుతుంది చూడండి అన్నట్టున్న ముఖం. పెదవుల మీద ఆ నవ్వు కూడా వచ్చేసింది.

“అంతే సార్,” అంది ఆమె.

మూడేళ్ళ క్రితం ఓ మీటింగులో ఇదే మనిషి చెప్పిన లెక్క తప్పని ఆమె అంది. “మీ ఇంట్లోనూ ఇలాగే మాట్లాడతారా అమ్మా?” అన్నారాయన. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి చెప్పుకుంటే “పాపం, నేను రోజూ పడేది ఆయనకి ఒక్కరోజులో తెలిసొచ్చింది” అని భర్త కూడా నవ్వాడు. ఆ నవ్వులే గొంతుకి అడ్డం పడ్డాయని సర్దిచెప్పుకోబోయింది గానీ, కుదరలేదు. ఈరోజు ఎవరూ నవ్వలేదు. ఎవరూ నోరు మూయించలేదు. అడిగారు, అంతే. అడిగితే అబద్ధం చెప్పింది. తనకి ఈ లోకంలో బాగా తెలిసిన ఒక్క విషయంలో, తనని నమ్మే ఒక్క మనిషి ముందు. మధ్యాహ్నమంతా లెక్క తప్పుతూనే ఉంది. సున్నా నుంచి మొదలుపెట్టడం, పాప ముఖం గుర్తురావడం, మళ్ళీ సున్నా. చెవుల దాకా సిగ్గు వేడిగా పాకింది. చన్నీళ్ళతో ముఖం కడుక్కున్నా పోలేదు.

సాయంత్రం పాప ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది. చెప్పులు విడిచి, సంచీ మేకుకి తగిలించి, హోంవర్కు చేసుకుంది. భోజనాల దగ్గర తండ్రి అడిగాడు.

“ఏం చూశారే? మీ అమ్మ ఏమైనా చెప్పిందా, బొమ్మలా నిలబడిందా?”

పాప కంచంలోంచి తలెత్తలేదు. “అమ్మే అంతా చెప్పింది నాన్నా. మా క్లాసంతా చప్పట్లు కొట్టింది.”

అత్తగారు “ఓహో” అంది. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. పదేళ్ళ పిల్ల, తల్లి పరువు కాపాడటానికి, ఎంత నేర్పుగా, ఎంత మెత్తగా అబద్ధమాడింది! గొంతు కూడా తనదే. అన్నీ సర్దేసే గొంతు. జడతో పాటు ఇది కూడా అల్లుతూ వచ్చిందన్నమాట తను, ఇన్నేళ్ళూ.

“చప్పట్లు కొట్టలేదు,” అంది ఆమె. “నేనేం చెప్పలేదు. సార్ తప్పు చెబుతుంటే ఔనన్నాను.”

“సర్లే, అన్నం దగ్గర ఇప్పుడెందుకిదంతా,” అన్నాడు భర్త.

“చెప్పాలండీ. అది నాకోసం అబద్ధమాడింది.”

పాప కళ్ళు నిండాయి. “నీకు తెలుసు కదమ్మా. నాకు చెప్పావు కదా. ఎందుకలా అన్నావు?”

“భయమేసిందమ్మా,” అంది. ఆ మాట అత్తగారి ముందు, భర్త ముందు పైకి అనడం ఆమెకి అదే మొదటిసారి. సిగ్గు తగ్గలేదు. ఇంకా పెరిగింది. అయినా గరిటె కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసింది.

“ఎవరికి? ఇంచార్జికా? మతి పోయిందా నీకు!” భర్త లేచి నిలబడ్డాడు.

ఆమె నంబరు నొక్కింది. అవతల పాప క్లాసు టీచరు పలికింది.

“నమస్తే టీచర్. ఇవాళ మీ పిల్లలు వచ్చిన ల్యాబులో ఆ జీవుల్ని లెక్కపెట్టేది నేనే. నలభైమంది పిల్లలకి తప్పు చెబుతుంటే ఔనన్నాను. రేపు మీ క్లాసులో ఒక్క పదినిమిషాలు ఇవ్వండి, వాళ్ళ ముందే దిద్దుకుంటాను.”