తవ్వకూడని చేతులు

రెండో వరద వచ్చిన ఏడు అది. విహారంలో భోజనశాల గోడ ఏటిలో కలిసిపోయింది. నీళ్ళు తగ్గిన దగ్గర్నుంచి మట్టిపనివాడు కొత్త పునాది తవ్వుతూనే ఉన్నాడు. మోకాలి లోతు గోతిలో నిలబడి పార వేస్తే మట్టి ముద్దలుగా ఊడి వచ్చేది. అందులో వానపాములు. కొన్ని తెగేవి. అతడు అటు చూసేవాడు కాదు.

భిక్షువులు నేల తవ్వరు. తవ్వితే పురుగు చస్తుంది. తవ్వమని నోటితో చెప్పను కూడా చెప్పరు. పెద్ద భిక్షువు గట్టున నిలబడి, "ఈ మూల సంగతి కాస్త చూడు," అంటాడు. ఇతడు చూస్తాడు. వయసంతా అలా చూసి చూసి నడుము వంగిపోయింది.

ఆ రోజు పెద్ద భిక్షువు మూల సంగతి ఎత్తలేదు.

"రేపు పొద్దున్నే వర్తకుల బిడారు కదులుతుంది. వాళ్ళతో మేమూ కొండలు దాటుతాం. అవతలివాళ్ళు బుద్ధుడి మాట ఇంకా వినలేదు. మీవాడూ వస్తానంటున్నాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ సరేననందే దీక్ష ఇవ్వకూడదు."

"నా మాట ఎప్పుడో ఇచ్చాను కదయ్యా."

"ఆవిడ?"

మట్టిపనివాడు పారకు అంటిన మట్టిని కాలితో తోశాడు. "అడుగుతాను."

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాడు. గోడల మీద వరద చార ఇంకా తడిగానే ఉంది. వరద నాటి జ్వరంతోనే భార్య మంచాన ఉంది. కొడుకు పక్కన కూర్చుని వేడినీళ్ళు చల్లారబెడుతున్నాడు.

"ఏమయ్యా, వాళ్ళు పంపారా?" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

"అడగమన్నారు."

"వాళ్ళు తవ్వితే పాపం, నువ్వు తవ్వితే కూలి. ఆ పాపమంతా నీ నెత్తిన పోసింది చాలక పిల్లాణ్ణి కూడా పట్టుకుపోతారా?" దగ్గు వచ్చి ఆగింది. "ఆ కొండలు దాటినవాళ్ళలో తిరిగొచ్చినవాడు ఒక్కడున్నాడా, చెప్పు."

"లేడు," అన్నాడు.

కొడుకు మెల్లగా అన్నాడు. "ఎక్కడున్నా నీ కొడుకునేగా అమ్మా."

"ఎక్కడున్నా అంటే ఇక్కడ లేనట్టేగా. ఊపిరుండగా నేను ఊఁ అనను. ముందా నీళ్ళిలా ఇయ్యి, నీ మాటలకి చల్లారిపోతున్నాయి."

కొడుకు నవ్వబోయి తల దించుకున్నాడు. గిన్నె ఆమె పెదవులకు ఆనించాడు. ఉండిపోతాను అని మాత్రం అనలేదు. ఆ మాట వింటానేమోనని తండ్రి కాసేపు గుమ్మంలో నిలబడి, పనికి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేటప్పటికి తిరిగి వస్తే కొడుకు ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

"ఇందాకే," అన్నాడు. "చివరిదాకా ఊఁ అనలేదు నాన్నా."

కబురు విని పెద్ద భిక్షువు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. మట్టిపనివాడే అడిగాడు.

"ఇప్పుడు ఒక్కడి మాట చాలా?"

"పోయినవాళ్ళను అడిగే పని లేదు," అన్నాడాయన నేల చూస్తూ.

కొడుకు తండ్రి మొహంలోకి చూశాడు. దీపం వెలిగించని ఇంట్లో ఆ కళ్ళొక్కటే కనిపిస్తున్నాయి. మట్టిపనివాడు వాటికేసి చూడలేక గోడవైపు తిరిగాడు.

"నా మాట నేనిచ్చేశాను. మళ్ళీ అడక్కండి. అడిగితే పోయినదాని మాటే నా మాటగా చెబుతాను."

వాళ్ళు మళ్ళీ అడగలేదు. ఆ రాత్రే కొడుక్కి తల గొరిగి దీక్ష ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే ఊరి వెనక, నీళ్ళెక్కని మిట్ట మీద భార్యకు గొయ్యి తవ్వాడు. అలవాటు కొద్దీ తనకొకటి, కొడుక్కొకటి రెండు పారలు తెచ్చాడు. కాషాయం కట్టుకున్న కొడుకు గొయ్యి అంచున నిలబడ్డాడు. ఒకసారి వంగి చెయ్యి చాచాడు.

"వద్దు. నీకు కూడదు," అన్నాడు తండ్రి.

చెయ్యి వెనక్కి పోయింది. ఆ అరచేతిలో పార పట్టి కాసిన కాయలు ఇంకా అలాగే ఉన్నాయి. గొయ్యి పూడేదాకా ఆ చేతులు రెండూ ఊరికే వేలాడాయి. బాట మీద ఎద్దుల గంటలు వినిపించాయి.

"వెళ్తున్నా నాన్నా."

"ఊఁ."

మట్టిపనివాడు తలెత్తకుండా పార వెనక్కి తిప్పి దిబ్బను చదును చేస్తూ ఉండిపోయాడు. రెండో పార గడ్డిలో పడి ఉంది. దానికి మట్టి అంటలేదు.