మా వీధిలో రెట్టింపు వేగం

మా బావ రోడ్డు భద్రత ప్రొఫెసరు. బస్సు డ్రైవరు కునుకు తీస్తే చెవి దగ్గర కుయ్యిమనే పెట్టె ఆయన కనిపెట్టిందే. ఏ మలుపులో ఏ బండి ఎందుకు బోల్తా పడిందో టైరు మరకలు చూసి చెప్పేస్తాడు. ఊళ్లో సగం సిగ్నళ్లు ఆయన పోరి పెట్టించినవే. తీరా సొంత ఇంటి ముందుకొచ్చేసరికి ఒక్క సిగ్నలు సాధించలేక చతికిలబడ్డాడు.

వాళ్లిల్లు రోడ్డుకి ఆ పక్క, మాది ఈ పక్క. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అక్కకి చేతికర్ర తప్పలేదు. ఆ కర్రతో రోడ్డు దాటి నా దగ్గరికి రావాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే. సిగ్నలు కావాలని బావ అర్జీ పెడితే, పరిమితికి రెట్టింపు వేగంతో పోయే బండి ఒక్కటైనా పట్టి చూపించమన్నారు రోడ్ల ఆఫీసువాళ్లు.

"ఓస్, అదెంత పని!" అన్నాడు బావ.

వేగం కొలిచే కెమెరా తెచ్చాడు. మెరిసే పచ్చ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వారం గడిచింది. బళ్లన్నీ హెడ్మాస్టరు ముందు పిల్లల్లా బుద్ధిగా పోయాయి.

"జనం మారారే!" అని మురిసిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. "జనం మారలేదు బావా. మిమ్మల్ని చూసి పోలీసనుకుంటున్నారు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇలాగే కొలుస్తున్నారా ఏంటి?"

ఆయన మొహం మాడిపోయింది. కోటు విప్పాడు.

మర్నాడు కెమెరా మా మేడ మీదికెక్కి, నా కుట్టుమిషను పక్కన, కర్టెను చాటున కూర్చుంది. ఆ సాయంత్రమే యూనివర్సిటీలో ఆయన రిటైర్మెంటు సభ. ఆయన మాట్లాడబోయే విషయం 'నిదానం'. "ఏ బండి వచ్చినా మీట నొక్కు. ఫొటో మీద వేగం దానంతటదే పడుతుంది," అని నాకు పాఠం చెప్పి కారెక్కాడు.

నేను జాకెట్టు కుడుతూ, మధ్యమధ్య నొక్కుతూ కూర్చున్నాను. పరిమితి దాటినవాళ్లు కోకొల్లలు. రెట్టింపు మాత్రం ఎవరూ లేరు. అంతలో ఒక కారు రయ్యిమని దూసుకొచ్చింది. టక్కున నొక్కాను. రెట్టింపు మీద ఇంకాస్త! ఆనందం పట్టలేక నంబరు చూశాను. బావది. ప్రసంగం కాగితాలు ఇంట్లో మరిచిపోయి, వాటికోసం వెనక్కి పరిగెత్తుకొచ్చాడన్నమాట. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాను.

సభ అయ్యాక ఇచ్చిన జ్ఞాపిక చేత్తో పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. అక్క అప్పటికే నా గదిలో కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుని ఉంది.

"ఎవడైనా దొరికాడా మరదలా?"

"దొరికాడు బావా. పెద్ద చదువులు చదివినవాడే."

ఫొటో చూపించాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెరిపెయ్! లైసెన్సు పోతుంది, పరువూ పోతుంది. రేపు ఇంకొకడు దొరుకుతాడులే. అయినా నంబరు కనబడుతోందా అసలు?" అంటూ ఫొటోని పెద్దది చేశాడు. ఫొటో అంచు దగ్గర ఆయన వేలు ఆగింది.

నేనూ తొంగిచూశాను. ఫొటో అంచున, ఒక కాలు రోడ్డు మీద, ఒక కాలు కాలిబాట మీద పెట్టి, కర్ర పట్టుకుని మా అక్క. నొక్కినప్పుడు నేను కారునే చూశాను, అక్కని చూడలేదు.

"నువ్వా?" బావ అక్కవైపు తిరిగాడు. "ఇందాకట్నుంచీ చెప్పవేం?"

"హారన్ కొట్టారుగా, చూశారనుకున్నా," అంది అక్క టీ ఊదుకుంటూ. "ఇంకొకరైతే ఆగుతారేమోనని ముందుకే అడుగేసేదాన్ని. మీ కారని గుర్తుపట్టి వెనక్కి తగ్గాను."

బావ జ్ఞాపికని నేల మీద పెట్టేశాడు. ఫొటో చెరపలేదు. నా కుట్టుమిషను ముందే కూర్చుని, బండి నడిపింది తనేనని పేరు రాసి మరీ రోడ్ల ఆఫీసుకి పంపించాడు.